మంచుఖండంలో మిగిలిన మనుషులు

ప్రపంచమంతా ఒక మహమ్మారికి బలైపోయి, అంటార్కిటికా పరిశోధన కేంద్రాల్లో ఉన్న 863 మంది మాత్రమే బతికి బట్టకడితే ఏమవుతుందన్నది జపాన్ సినిమా ‘ఫుక్కత్సు నో హి’ కథ. ఆ పేరుకు అర్థం పునరుత్థాన దినం. జపాన్ వెలుపల ‘వైరస్’ అన్న పేరుతో తెలిసిన ఈ చిత్రం 1980 జూన్ 28న విడుదలైంది. దర్శకుడు కింజి ఫుకసాకు, నిర్మాత హరుకి కదొకావా, మూలం సక్యో కొమత్సు 1964లో రాసిన నవల. నిడివి 156 నిమిషాలు. కేరళలో 2018లో తలెత్తిన నిపా వ్యాధి మీద ఆషిక్ అబు 2019లో తీసిన మలయాళ ‘వైరస్’ మన ప్రేక్షకులకు ఎక్కువ పరిచయం. పేరు ఒకటే గాని రెండింటికీ ఏ సంబంధమూ లేదు. మలయాళ సినిమా ఒక ప్రాంతం గండం గట్టెక్కిన తీరు చెబుతుంది. ఫుకసాకు సినిమాలో ఆదుకోవడానికి వచ్చే వైద్యులు, ప్రభుత్వాలు, సైన్యాలు అందరూ సగం సినిమాకే చనిపోతారు. అసలు కథ ఆ తర్వాతే నడుస్తుంది.

కొమత్సు 1931లో ఒసాకాలో పుట్టారు. క్యోటో విశ్వవిద్యాలయంలో ఇటాలియన్ సాహిత్యం చదువుకున్నారు. జపాన్ రెండో ప్రపంచ యుద్ధంలో లొంగిపోయేనాటికి ఆయనకు పద్నాలుగేళ్లు. 1957లో ఆసియా ఫ్లూ ప్రపంచాన్ని చుట్టేసింది. 1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల సంక్షోభం మానవజాతిని అణుయుద్ధం అంచుదాకా తీసుకెళ్లింది. ఈ రెండు భయాలనూ ఒకే కథలో ముడివేసి ఆయన నవల రాశారు. అది వెలువడిన 1964లోనే టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. దేశమంతా కొత్త రైళ్లు, కొత్త రహదారులు, కొత్త సంపద చూసి మురిసిపోతున్న ఏడాది అదే టోక్యోను శవాల నగరంగా ఊహించడం తేలిక కాదు. తొమ్మిదేళ్ల తర్వాత 1973లో ఆయనే ‘నిప్పన్ చింబొత్సు’ రాశారు. జపాన్ దీవులు సముద్రంలో మునిగిపోయే ఆ కథ లక్షల ప్రతులు అమ్ముడై, అదే ఏడాది సినిమాగా కూడా వచ్చింది. ఆ విజయం ‘ఫుక్కత్సు నో హి’కి దారి వేసింది.

హరుకి కదొకావా పుస్తక ప్రచురణ సంస్థ నడిపే కుటుంబంలోని మనిషి. తమ సంస్థ పుస్తకాల మీద సినిమా తీయడం, సినిమాతో పుస్తకం అమ్మడం, రెండింటికీ కలిపి ఒక పాటను ఊరూరా మోగించడం 1970ల చివర ఆయన జపాన్‌లో స్థిరపరచిన పద్ధతి. ఈ సినిమాకు ఆయన చూపు జపాన్ సరిహద్దులు దాటింది. గ్లెన్ ఫోర్డ్, జార్జ్ కెన్నెడీ, రాబర్ట్ వాన్, హెన్రీ సిల్వా, చక్ కానర్స్, బో స్వెన్సన్ వంటి హాలీవుడ్ నటులను తెచ్చారు. 1968లో ‘రోమియో అండ్ జూలియట్’తో ప్రపంచానికి పరిచయమై, 2003లో మదర్ థెరెసా పాత్ర వేసిన ఒలీవియా హస్సీ ఇందులో నార్వే యువతి మారిట్. పాట జానిస్ ఇయాన్ పాడారు. అప్పటివరకు జపాన్‌లో తీసిన సినిమాలన్నిటిలోకీ ఇదే ఖరీదైనదన్న పేరు వచ్చింది.

కథ ప్రారంభంలో బ్రిటిష్ అణు జలాంతర్గామి ‘నెరీడ్’ టోక్యో అఖాతంలో ఆగి ఉంటుంది. లోపలున్నవారు బయట అడుగు పెట్టలేరు. కెమెరా ఉన్న చిన్న యంత్రాన్ని గాలిలోకి పంపి, తెర మీద ఊరిని చూస్తారు. వీధుల్లో, వాహనాల్లో అస్థిపంజరాలు. తెర ముందు నిలబడిన యువ శాస్త్రవేత్త యొషిజుమి (మసావో కుసకారి) సొంతూరు అది. అక్కడి నుంచి కథ 1982కు వెనక్కి వెళుతుంది.

తూర్పు జర్మనీ శాస్త్రవేత్త ఒకడు ఎంఎం88 అనే వైరస్‌ను రహస్యంగా దాటిస్తాడు. అది అమెరికా ప్రయోగశాలలో పుట్టింది. అక్కడి నుంచి దొంగిలించబడి తూర్పు జర్మనీ చేరింది. దానికి విరుగుడు కనిపెట్టగల వారి చేతికి అందించాలన్నది అతని ఆశ. తీసుకెళుతున్నవారు అతను అనుకున్నవారు కారు. వాళ్ల విమానం ఆల్ప్స్ పర్వతాల్లో కూలిపోతుంది. గాజు గొట్టం పగులుతుంది. మంచు కరిగే కాలం వచ్చేసరికి వైరస్ మేలుకుంటుంది. తొలి మరణాలు ఎక్కడెక్కడో విడివిడిగా కనిపిస్తాయి. ఇటలీలో ఉధృతమవడంతో లోకం దానికి ఇటాలియన్ ఫ్లూ అని పేరు పెడుతుంది. దశావతారం సినిమాలో అమెరికా ప్రయోగశాల నుంచి తప్పించిన ఒక గొట్టం చుట్టూ కథంతా పరుగెత్తిన వైనం తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. అక్కడ గొట్టం పగలకుండా కాపాడటమే కథ. ఇక్కడ మొదటి పావుగంటలోపే ఆ అవకాశం చేజారుతుంది.

నెలల వ్యవధిలో నగరాలు ఒక్కొక్కటిగా కూలిపోయే తీరును ఫుకసాకు ముఖ్యంగా రెండు చోట్ల చూపించారు. ఒకటి వాషింగ్టన్‌లో అధ్యక్ష భవనం. అధ్యక్షుడు రిచర్డ్‌సన్ (గ్లెన్ ఫోర్డ్), అతని రాజకీయ ప్రత్యర్థి సెనేటర్ బార్క్లే (రాబర్ట్ వాన్) ఒకే గదిలో జ్వరంతో కునారిల్లుతూ, ఇక పోరాడటానికి ఏమీ మిగలలేదని గ్రహిస్తారు. వైరస్ పుట్టింది తమ దేశంలోనేనని అధ్యక్షుడికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. ఆ సంగతి తెలిసిన శాస్త్రవేత్తను పిచ్చాసుపత్రిలో పెట్టించి ఉంటారు. రెండోది టోక్యోలో ఒక ఆసుపత్రి. వరండాల్లో నేల మీద రోగులు, నిద్ర లేక తూలుతున్న నర్సులు, బయట జనం తోపులాట, శవాలను గుట్టలుగా పోసి కాలుస్తున్న సైనికులు. ఇక్కడ డాక్టర్ త్సుచియాగా కెన్ ఒగాతా నటన చూసి తీరాలి. అరుపులు లేవు, ఏడుపులు లేవు. ఒక రోగి నుంచి మరో రోగి దగ్గరకు నడిచే మనిషి నడకలోనే ఆశ అడుగంటడం కనబడుతుంది.

ఈ ఆసుపత్రి దృశ్యాలకు దర్శకుడి జీవితంలో మూలం ఉంది. ఫుకసాకు 1930లో పుట్టారు. యుద్ధం చివరి రోజుల్లో పదిహేనేళ్ల వయసులో ఆయుధ కర్మాగారంలో పనిచేశారు. బాంబుదాడుల్లో చనిపోయిన తోటి పిల్లల శవాలను ఎత్తవలసి వచ్చింది. పెద్దల మాట మీద, ప్రభుత్వాల మాట మీద ఆయనకు పోయిన నమ్మకం మళ్లీ తిరిగి రాలేదు. 1973లో మొదలైన యకుజా ముఠాల చిత్రాల వరుసలోనూ, 2000లో తీసిన ‘బాటిల్ రాయల్’లోనూ అదే కోపం కనిపిస్తుంది. మహమ్మారిని ఆయన ప్రకృతి శాపంగా చూపలేదు. సైనికాధికారుల గోప్యత, పరస్పర అనుమానం, బాధ్యత దులిపేసుకునే అలవాటు కలిసి చేసిన హత్యగా చూపించారు.

ఆ హత్య శబ్దం అంటార్కిటికాకు రేడియోలో చేరుతుంది. సినిమా మొత్తంలో మరచిపోలేని ఘట్టం అదే. జపాన్‌వారి షోవా కేంద్రంలో రేడియో చుట్టూ మనుషులు మూగి ఉంటారు. అమెరికాలోని న్యూ మెక్సికో నుంచి ఒక చిన్న పిల్లవాడి గొంతు వినిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు పలకడం లేదు, ఎవరైనా మాట్లాడండి అని అడుగుతుంటాడు. ఇటువైపు వాళ్లు మాట్లాడుతూనే ఉంటారు. అయితే పిల్లవాడికి రేడియో వాడటం తెలియదు. మాట్లాడేటప్పుడు నొక్కిన మీటను వదిలితేనే అవతలి గొంతు వినబడుతుంది. వాడు మీట వదలడు. మీట వదులు నాయనా అని వీళ్లు అరిచే అరుపులు వాడికి చేరవు. చివరకు తండ్రి తుపాకీ శబ్దం వినిపిస్తుంది. ఆ బిడ్డ ముఖం మనకు ఒక్కసారీ కనిపించదు. గదిలోని మగవాళ్ల ముఖాల మీదే కెమెరా నిలుస్తుంది. వైద్యం, రాజకీయం, సైన్యం అన్నీ విఫలమైన కథలో ఒక మీట దగ్గర ఆగిపోయిన సాయాన్ని ఇంత సూటిగా చూపిన దృశ్యం మరో విపత్తు చిత్రంలో దొరకదు.

యొషిజుమి ప్రేయసి నొరికో (యుమి తకిగావా) నర్సు. అతను మంచుఖండానికి బయలుదేరేముందే ఇద్దరూ విడిపోతారు. ఆమె కడుపులో బిడ్డ ఉన్న సంగతి అతనికి తెలియదు. రోగుల మధ్యే ఆ బిడ్డను పోగొట్టుకున్న నొరికో, దిక్కులేని ఒక పిల్లవాణ్ణి పడవలో ఎక్కించుకుని సముద్రం మీదకు వెళ్లిపోతుంది. దక్షిణాన మనుషులు ఇంకా బతికి ఉన్నారన్న కబురు ఒక్కటే ఆమె దగ్గర మిగిలిన ఆశ. అక్కడికి చేరడం కుదరదని ఆమెకూ తెలుసు.

వైరస్ అంటార్కిటికాను ఎందుకు వదిలేసిందన్న దానికి సినిమా చెప్పే కారణం చలి. సున్నాకు దిగువన పది డిగ్రీల వద్ద ఎంఎం88 నిద్రాణమైపోతుంది, వేడి పెరిగే కొద్దీ విపరీతంగా వృద్ధి చెందుతుంది. శాస్త్రపరంగా ఇందులో సగమే నిజం. చలి చాలా వైరస్‌లను చంపదు, భద్రపరుస్తుంది. ప్రయోగశాలల్లో వాటిని దాచేదే గడ్డకట్టించే యంత్రాల్లో. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా వైరస్ జన్యుపదార్థం అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్ గ్రామంలో శాశ్వత మంచు కింద పూడ్చిన శవం నుంచి 1997లో, అంటే దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత దొరికింది. పైగా బయట ఎంత చలి ఉన్నా మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలే. ఒక్క రోగి లోపలికి వస్తే మంచు ఎవరినీ కాపాడలేదు. కథ రాసినవారికి ఈ సంగతి తెలుసు. అందుకే రోగులున్న సోవియట్ జలాంతర్గామి తీరం చేరబోయినప్పుడు బ్రిటిష్ జలాంతర్గామి దాన్ని ముంచేస్తుంది. వాళ్లను రానివ్వలేక, పొమ్మనలేక మంచుఖండంలోని రష్యన్లు పడే యాతన కూడా అక్కడ ఉంది. నిజానికి వాళ్లందరినీ కాపాడింది దూరం, దానికి తోడు తలుపు మూయగలిగిన కాఠిన్యం.

చరిత్రలో దీనికి గట్టి సాక్ష్యమే ఉంది. 1918 నవంబరులో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ‘తలూనే’ ఓడ ఇన్‌ఫ్లుయెంజా రోగులతో పశ్చిమ సమోవాలోని అపియా రేవుకు చేరింది. అధికారులు ఆపలేదు. కొద్ది వారాల్లో అక్కడి జనాభాలో ఐదో వంతుకు పైగా చనిపోయారు. కొద్ది దూరంలోనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నర్ జాన్ పోయర్ ఓడలను దూరంగా నిలిపేసి కఠినమైన నిర్బంధం పెట్టారు. ఆ మహమ్మారితో అక్కడ ఒక్కరూ చనిపోలేదు. గాలి అదే, ఎండ అదే, జాతి అదే. తేడా రేవు దగ్గర తీసుకున్న నిర్ణయంలోనే ఉంది. కోవిడ్ కాలంలో అంటార్కిటికా కూడా 2020 డిసెంబరు వరకు ఇలాగే తప్పించుకుంది. ఆ నెలలో చిలీకి చెందిన ఓ’హిగ్గిన్స్ స్థావరంలో 36 మందికి వ్యాధి సోకినట్టు తేలింది. చలి ఎప్పటిలాగే ఉంది. బయటి నుంచి రాకపోకలు జరిగాయి, అంతే.

ఎంఎం88 స్వభావంలో మాత్రం ఊహ చాలా తెలివైనది. అది ఒంటరిగా చంపదు. ఒంట్లో అప్పటికే ఉన్న ఫ్లూ, పోలియో వంటి వైరస్‌లకు తోడై వాటి బలాన్ని పెంచుతుంది. కాబట్టి వైద్యుల కళ్లకు పాత రోగాలే కనిపిస్తాయి, అసలు దొంగ దొరకదు. ప్రకృతిలో దీనికి దగ్గరి పోలిక హెపటైటిస్ డి. ఈ వైరస్ హెపటైటిస్ బి లేకుండా బతకలేదు. రెండూ కలిసిన రోగికి కాలేయం మరింత త్వరగా దెబ్బతింటుంది. 1918లో కూడా చాలామందిని ఫ్లూ స్వయంగా చంపలేదు. ఆ వెంటనే పట్టుకున్న బ్యాక్టీరియా న్యుమోనియా చంపింది.

ఒక వైరస్ మనుషులందరినీ తుడిచిపెట్టగలదా అంటే, ఇంతవరకు తెలిసిన ఏ వ్యాధికీ ఆ శక్తి లేదు. మశూచి సోకినవారిలో ఇంచుమించు ముప్ఫై శాతం మంది చనిపోయేవారు. రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు అందరినీ చంపుతుంది గాని, అది మనిషి నుంచి మనిషికి పాకే జబ్బు కాదు. 1950లో ఆస్ట్రేలియాలో కుందేళ్ల బెడద తగ్గించడానికి మిక్సోమా వైరస్‌ను వదిలారు. మొదట సోకిన కుందేళ్లలో 99 శాతానికి పైగా చచ్చాయి. కొన్నేళ్లలోనే వైరస్ తీవ్రత తగ్గింది, మిగిలిన కుందేళ్లకు తట్టుకునే శక్తి పెరిగింది. సినిమాలో మృత్యువు సంపూర్ణంగా ఉండటం కథ అవసరం, శాస్త్రం కాదు. ఈ లెక్కలో స్టీవెన్ సోడర్‌బర్గ్ 2011లో తీసిన ‘కంటేజియన్’ చాలా నమ్మదగినది. అందులో వ్యాధి కోట్ల మందిని చంపుతుంది, టీకా వస్తుంది, లోకం కుంటుకుంటూనైనా కదులుతుంది. మహమ్మారి ఎలా పాకుతుందో తెలుసుకోవాలనుకునేవారికి ఆ సినిమా మంచి పాఠం. మిగిలినవారు ఒకరితో ఒకరు ఎలా బతుకుతారన్న ప్రశ్న ఫుకసాకుది.

మిగిలింది 855 మంది పురుషులు, ఎనిమిది మంది స్త్రీలు. ఈ అంకెలు గాలిలోంచి పుట్టినవి కావు. ఈనాటికీ చలికాలంలో అంటార్కిటికా కేంద్రాలన్నిటిలో కలిపి ఉండేది సుమారు వెయ్యిమందే. అమెరికా ప్రధాన స్థావరం మెక్‌మర్డోలో స్త్రీలు తొలిసారి చలికాలం గడిపింది 1974లో, అదీ ఇద్దరే. 1980 నాటికి మంచుఖండం మగవాళ్ల లోకమే. కథాకాలమైన 1982 జనవరి 9న భారతదేశపు తొలి దళం సయ్యద్ జహూర్ ఖాసిం నాయకత్వంలో అక్కడ అడుగుపెట్టింది. 21 మంది ఉన్న ఆ దళం కొద్ది రోజులే ఉండి తిరిగి వచ్చింది. కథలోని మహమ్మారి ఆ ఏడాది నిజంగా వచ్చి ఉంటే మిగిలినవారిలో భారతీయులు ఉండేవారు కారు.

1959లో పన్నెండు దేశాలు సంతకం చేసి, 1961లో అమల్లోకి వచ్చిన అంటార్కిటికా ఒప్పందం సైనిక కార్యకలాపాలను నిషేధించి, భూభాగాల మీద హక్కుల తగాదాలను పక్కన పెట్టింది. భూమ్మీద అలాంటి ఒప్పందం నడుస్తున్న ఏకైక ఖండంలో మానవజాతి మిగలడం కొమత్సు చేసిన గొప్ప ఎంపిక. సినిమాలో అమెరికన్ల పామర్ కేంద్రంలో అన్ని దేశాలవారూ సమావేశమవుతారు. మాటామాటా పెరుగుతుంది, చేతులు కలబడతాయి. అయినా అడ్మిరల్ కాన్వే (జార్జ్ కెన్నెడీ) అధ్యక్షతన ఒక మండలి ఏర్పడుతుంది. ఆహారం, ఇంధనం, పని అన్నీ పంచుకుంటారు. కొన్ని వారాల కిందటి వరకు ఒకరిపై ఒకరు క్షిపణులు గురిపెట్టిన దేశాలవారు ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటారు.

స్త్రీల విషయంలో మాత్రం సినిమా తడబడింది. ఒకామెపై అత్యాచారం జరుగుతుంది. దానికి మండలి వెతికే పరిష్కారం, ఎనిమిది మంది స్త్రీలు ఒక్క మగవాడికి కట్టుబడి ఉండకూడదన్నది. జాతి నిలవాలంటే తప్పదంటారు. ఇంత బరువైన సంగతిని సినిమా నాలుగు మాటల్లో తేల్చేసింది. ఆ ఎనిమిది మందిలో ఎవరేమనుకున్నారో వినిపించడానికి రెండున్నర గంటలకు పైగా ఉన్న నిడివిలో చోటు దొరకలేదు. మారిట్, యొషిజుమిల మధ్య చిగురించే ప్రేమ ఆ లోటును కొంత పూడుస్తుంది. నార్వే కేంద్రంలో మనుషులు పిచ్చెత్తి ఒకరినొకరు చంపుకున్నాక గర్భిణిగా ఒంటరిగా మిగిలిన మారిట్‌ను అతను కనుగొంటాడు. ఒలీవియా హస్సీ ముఖంలోని నిశ్శబ్దం ఆ పాత్రను నిలబెట్టింది. అయినా ఒక ప్రేమకథ ఒక అన్యాయానికి జవాబు కాలేదు.

కథలో రెండో ప్రళయం ఇక్కడే మొదలవుతుంది. చనిపోయేముందు జనరల్ గార్లండ్ (హెన్రీ సిల్వా) అమెరికా క్షిపణుల స్వయంచాలక వ్యవస్థను మేల్కొలిపి పోతాడు. శత్రువు అణుదాడి చేసినట్టు యంత్రానికి తోస్తే చాలు, మనిషితో పనిలేకుండా క్షిపణులు లేస్తాయి. వాషింగ్టన్ ప్రాంతంలో భారీ భూకంపం రానుందని యొషిజుమి లెక్క కడతాడు. ఆ కుదుపును యంత్రం దాడిగా పొరబడుతుంది. జవాబుగా సోవియట్ క్షిపణులు లేస్తాయి. వాటి గురి పామర్ కేంద్రం మీద కూడా ఉంది. ప్రయోగదశలో ఉన్న టీకా వేసుకుని యొషిజుమి, అమెరికన్ మేజర్ కార్టర్ (బో స్వెన్సన్) ఆ యంత్రాన్ని ఆపడానికి జలాంతర్గామిలో వాషింగ్టన్‌కు బయలుదేరుతారు. స్త్రీలను, పిల్లలను, మరికొందరిని ముందుజాగ్రత్తగా మంచును చీల్చే ఓడ ఎక్కించి పంపేస్తారు. భూకంపం వీళ్లకన్నా ముందే వస్తుంది. శిథిలాల మధ్య కార్టర్ చనిపోతాడు. యొషిజుమి దాన్ని ఆపే మీట దగ్గరకు చేరేసరికి క్షిపణులు లేచిపోతాయి. టీకా పనిచేసిందని తేలేది సరిగ్గా ఆ క్షణంలోనే.

ఈ భాగం అతిగా అనిపించవచ్చు. నాటి వార్తలతో కలిపి చూస్తే ఆ అనుమానం పోతుంది. 1979 నవంబరు 9న అమెరికా వైమానిక రక్షణ కేంద్రపు కంప్యూటర్లలో శిక్షణ కోసం తయారుచేసిన టేపు పొరపాటున ఎక్కి, సోవియట్ క్షిపణులు వచ్చేస్తున్నట్టు తెరల మీద చూపింది. సినిమా విడుదలకు కొద్ది వారాల ముందు, 1980 జూన్ 3న, మళ్లీ 6న, ఒక చిన్న చిప్ పాడై అలాంటి తప్పుడు హెచ్చరికలే వచ్చాయి. 1983 సెప్టెంబరు 26న సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అమెరికా క్షిపణులు బయలుదేరాయని ప్రకటిస్తే, విధుల్లో ఉన్న అధికారి స్తనిస్లావ్ పెత్రోవ్ యంత్రాన్ని నమ్మకుండా అది తప్పుడు సంకేతమని పైవారికి నివేదించారు. ప్రతిసారీ ఒక మనిషి అడ్డుపడి ఆలోచించాడు. సినిమాలోని భయం ఆ మనిషి లేకపోతే ఏమిటన్నదే. సోవియట్ యూనియన్ నిజంగానే ‘పెరిమీటర్’ అనే వ్యవస్థను 1985 నాటికి అమల్లో పెట్టింది. నాయకత్వమంతా అణుదాడిలో తుడిచిపెట్టుకుపోయినా ఎదురుదాడి జరిగేలా చూడటం దాని పని. సినిమా అప్పటికి ఐదేళ్ల పాతది.

ప్రయోగశాల భయానికీ ఆధారాలు ఉన్నాయి. 1972లో సంతకాలు మొదలై 1975లో అమల్లోకి వచ్చిన ఒప్పందం జీవాయుధాలను నిషేధించింది. అయినా 1979 ఏప్రిల్‌లో సోవియట్ నగరం స్వెర్ద్‌లోవ్‌స్క్‌లో సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ బీజాలు గాలిలో కలిసి 60 మందికి పైగా చనిపోయారు. కలుషితమైన మాంసం తిన్నందువల్లే అని అక్కడి ప్రభుత్వం ఏళ్ల తరబడి బుకాయించింది. 1978లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో వైద్య కళాశాల భవనంలో పనిచేసే ఒకామె మశూచి సోకి మరణించింది. అదే భవనంలో మశూచి వైరస్ ప్రయోగశాల ఉంది. ప్రపంచంలో మశూచితో చనిపోయిన చివరి మనిషి ఆమె. భూమ్మీద మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించింది 1980 మే 8న. మానవజాతి ఒక మహమ్మారిని నిర్మూలించి ఊపిరి పీల్చుకున్న యాభై ఒక్క రోజులకు ఈ సినిమా థియేటర్లకు వచ్చింది.

చిత్రీకరణ కథకు తీసిపోని సాహసం. ఫుకసాకు బృందం నిజంగానే అంటార్కిటికా వెళ్లింది. చిలీ నౌకాదళం తన ‘సింప్సన్’ జలాంతర్గామిని షూటింగుకు ఇచ్చింది. మంచుకొండల మధ్య నల్లటి జలాంతర్గామి నీటి పైకి తేలే దృశ్యాల్లో కనిపించేది అదే. బృందం వాడుకున్న ‘లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్’ అనే ఎర్ర ఓడ 1979 డిసెంబరులో రాళ్ల మీదకు ఎక్కి దెబ్బతింది. అందులోనివారిని చిలీ నౌకాదళమే కాపాడింది. ధ్రువప్రాంత పర్యాటకుల కోసం 1969లో కట్టిన ఆ ఓడ 2007 నవంబరులో అదే సముద్రంలో మంచుగడ్డను ఢీకొని మునిగిపోయింది. ప్రయాణికులందరూ క్షేమంగా బయటపడ్డారు. ఛాయాగ్రాహకుడు దైసకు కిమురా పట్టుకున్న తెల్లని వెలుతురు, అందులో చీమల్లా కదిలే మనుషులు ఏ స్టూడియోలోనూ పుట్టేవి కావు. కెనడా నగరాలు అమెరికాకు బదులు నిలిచాయి. పెరూలోని మాచు పిచ్చు శిథిలాలు చివరి భాగంలో కనిపిస్తాయి.

ఆ చివరి భాగం యొషిజుమి నడక. క్షిపణుల తర్వాత అతను కాలినడకన దక్షిణానికి బయలుదేరుతాడు. ఎడారులు, కొండలు, మనిషి అలికిడి లేని ఊళ్లు దాటుకుంటూ సంవత్సరాల తరబడి నడుస్తాడు. గడ్డం పెరిగి, బట్టలు చినిగి, మాట మరిచిపోయే స్థితికి వస్తాడు. ఉత్తర అమెరికా నుంచి దక్షిణ అమెరికా కొస వరకు ఒక్కడు నడవగలడా, ఏం తిని బతికాడన్న ప్రశ్నలకు సినిమా జవాబు చెప్పదు. మాటలు దాదాపు లేని ఆ నిమిషాలు అడిగే ప్రశ్న వేరు. లోకం రెండుసార్లు చచ్చాక కూడా ఒక మనిషి మరో మనిషి కోసం ఎందుకు నడుస్తాడు? ఖండం చివర, ఓడలో వెళ్లి బతికిన కొద్దిమంది మధ్య మారిట్ అతన్ని గుర్తుపడుతుంది.

జపాన్‌లో జనం సినిమాను బాగానే చూశారు. పెట్టిన ఖర్చు పెద్దది కావడంతో విదేశీ మార్కెట్ మీద కదొకావా పెట్టుకున్న ఆశలు మాత్రం నెరవేరలేదు. విదేశాల కోసం నిడివిని సుమారు యాభై నిమిషాలు కోసేశారు. కత్తెరకు బలైన వాటిలో టోక్యో ఘట్టాలు ఎక్కువ. కొన్ని ప్రతుల్లో ఆ నడక కూడా లేదు, క్షిపణులతోనే కథ ముగుస్తుంది. అలా చూసినవారికి ఇది నిరాశావాద చిత్రంగా మిగిలిపోయింది. నిజానికి దర్శకుడి మాట ఆ నడకలోనే ఉంది. నవల ఇంగ్లిష్ అనువాదం 2012లో వచ్చింది. 2020లో కోవిడ్ మొదలైనప్పుడు నవలనూ సినిమానూ చాలామంది కొత్తగా వెతుక్కున్నారు.

లోపాలు లేని సినిమా కాదిది. ఇంగ్లిష్ సంభాషణలు చాలాచోట్ల కృతకంగా ఉంటాయి, హాలీవుడ్ నటుల్లో కొందరు మొక్కుబడిగా వచ్చి వెళ్లినట్టు కనిపిస్తారు, స్త్రీల సమస్యను దాటవేయడం ఈనాటి కళ్లకు మరీ కష్టంగా తోస్తుంది. అయినా మహమ్మారి మీద వచ్చిన విపత్తు చిత్రాల్లో ఇంత విశాలమైన ఊహ, ఇంత నిజాయితీ గల కోపం కలిసినవి అరుదు. చూడాలనుకునేవారు 156 నిమిషాల పూర్తి జపాన్ ప్రతినే వెతుక్కోవాలి. కత్తిరించిన ప్రతి చూసి ఈ సినిమా మీద తీర్పు చెప్పకూడదు.